నీళ్ళకంటే ముందు

కొండ మీది గేటు చక్రం చివరి చుట్టు తిరగగానే పైపు ఒక నిట్టూర్పు విడుస్తుంది. రాత్రంతా ఖాళీ కడుపుతో కొండవాలు మీద పడుకున్న పైపు అది. ఊట ట్యాంకులోని నీళ్ళు లోపలి గాలిని తోసుకుంటూ బయల్దేరతాయి. ఆ నిట్టూర్పు వినగానే పిట్ట తాళంగుత్తి నడుముకు దోపుకుని సైకిలెక్కుతుంది. అక్కడినుంచి కొండ కింద ఉన్న పెద్ద ట్యాంకుదాకా నీళ్ళది ఒక దారి, ఆమెది ఒక దారి. రెండూ పక్కపక్కనే. నీళ్ళు వచ్చేలోపు ఆమె వెళ్ళి కింది గేటు తిప్పితే అవి బుద్ధిగా ట్యాంకులోకి పోతాయి. లేకపోతే పొర్లుడు గొట్టంలోంచి దూకి వీధిన పడతాయి.

కింది గేటు దగ్గర ఇంకో మనిషిని పెట్టొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. పనిలో చేరిన కొత్తలో పిట్టకీ అనిపించింది. రెండు గేట్ల తాళాలూ ఒకే గుత్తిలో, ఒకే మనిషి దగ్గర ఉండాలని నీటి ఆఫీసులో పాత పద్ధతి. ఇద్దరి చేతుల్లో ఉంటే తప్పెవరిదో తేలదట. తప్పు జరగకుండా చూడటం కంటే జరిగిన తప్పు ఎవరిదో తేలడమే ముఖ్యమా అని ఆమె భర్త ఒకసారి అడిగాడు. ఆయన దర్జీ. ఆయన కొట్టులో తప్పెప్పుడూ ఆయనదే కాబట్టి ఆ చిక్కు ఆయనకు లేదు.

పొట్టిగా, సన్నగా ఉంటుందని చిన్నప్పుడు పెట్టిన పేరు పిట్ట. పెళ్ళయినా, ఉద్యోగమొచ్చినా ఆ పేరు ఊడలేదు.

ఆ శుక్రవారం కొండ మీద పొగమంచు ఇంకా లేవలేదు. దారి కొంచెం కొంచెంగా కనిపిస్తోంది, ఎవరో ఆలోచించుకుంటూ ఒక్కో మాటే చెబుతున్నట్టు. ఇలాంటి పొద్దుల్లో పిట్టకు తను మేలుకుని ఉందో లేదో తెలియదు. తెల్లవారుజామున వచ్చే కలలోనూ ఇదే దారి. కలలో ఆమె చేతులు సాగుతాయి. సాగి సాగి హ్యాండిల్‌ని అందుకుంటాయి. మెలకువ వచ్చాక మాత్రం ఆమె చేతులు ఆమె చేతులే.

కొండదారుల కోసం చేసిన సైకిలు అది. లావు టైర్లు, కుదుపులు మింగడానికి ముందువైపు స్ప్రింగులాంటి ఫోర్కు. సీటెక్కితే కాలి బొటనవేళ్ళు మాత్రం నేలకు తగులుతాయి. హ్యాండిల్ వెడల్పుగా, ఎక్కడో దూరంగా ఉంటుంది. అటక మీది డబ్బా అందుకోబోయినట్టు చేతులు చాపితే తప్ప అందదు. బ్రేకుల మీదికి వేళ్ళ కొసలే వెళతాయి. ఫోర్కు ఏ కుదుపునీ మింగదు. రాయి తగిలితే ఆ రాయి సంగతంతా అరచేతులకూ భుజాలకూ చెబుతుంది.

వాలు నిటారైన చోట ఆమె దిగి నడిచింది. బ్రేకు అందనప్పుడు దిగడం కంటే దారేముంది? అక్కడే నీళ్ళు ఆమెను కలిశాయి. ముందు పైపులో ఈలలాంటి గాలి. తర్వాత గలగల. ఆ తర్వాత నిండుగా ఒక మూలుగు. ఇంటిల్లిపాదీ మనల్ని పిలవకుండా మన పక్కనుంచే పెళ్ళికి వెళ్ళిపోతున్నట్టు, నీళ్ళు ఆమెను దాటి వెళ్ళిపోయాయి.

ఆమె కిందికి చేరేసరికి పొర్లుడు గొట్టం పోస్తోంది. వీధిలో ఎవరి చెప్పులో తేలుతున్నాయి. సూపర్‌వైజర్ ప్యాంటు మడిచి గట్టు మీద నిలబడి ఉన్నాడు. పిట్ట సైకిలు గోడకానించి గేటు తిప్పింది. చక్రం పట్టు దొరక్క రెండుసార్లు చేతులు జారాయి.

"మళ్ళీనా అమ్మా?"

"మళ్ళీనే సార్."

"ఈ వీధిలో ఒకావిడ నన్నాపి ఏమడిగిందో తెలుసా? సార్, మీ ఆఫీసువాళ్ళు ఈత కూడా నేర్పిస్తారా, లేక నీళ్ళు పంపడం వరకేనా అంది. నేనేం చెప్పను?"

పిట్టకు నవ్వొచ్చింది. ఆపుకుంది. ఆయనకూ వచ్చింది కాని, ఆయన స్థానం అడ్డమొచ్చింది.

"నీకు ముందు పెద్దాయన ఈ పని చేసినన్నాళ్ళూ ఒక్క చుక్క బయట పడలేదు. అదే దారి. అదే బండి. అవునా కాదా?"

"అవును సార్."

"సోమవారం నేనే వచ్చి ఇక్కడ నిలబడతాను. ఆ రోజూ ఇంతే అయితే నిన్ను మోటార్ల గదిలో వేస్తాను. కూర్చుని చేసే పని. ఫ్యాను కూడా ఉంది. కొండ నీవల్ల కావట్లేదంటే అందులో నామోషీ ఏం లేదమ్మా."

ఆయన మంచిగానే అన్నాడు. ఆ మంచితనమే ఆమెకు ముల్లులా దిగింది. ఫ్యాను కింద కూర్చున్న తనని ఊహించుకుంది. పక్కన మోటార్ల హోరు. ఆ హోరులో నీళ్ళ నిట్టూర్పు ఎవరికి వినిపిస్తుంది?

*

బండి గురించి ఒక మాట చెప్పాలి. అది ఆఫీసు బండే అయినా అందరూ దాన్ని పెద్దాయన బండి అంటారు. ఆయన పదవీ విరమణ చేసి వెళ్ళిపోయినా ఆ మాట వెళ్ళలేదు. నీళ్ళను ఒక్కనాడూ గెలవనివ్వని బండి అది. మోటారు మొరాయిస్తే మెకానిక్కులు వచ్చి దాని సీటు ఒకసారి తట్టి వెళతారు. నవ్వులాటకేనంటారు, కాని తట్టడం మానరు. సీటు గొట్టం మీదా, హ్యాండిల్‌ని పట్టి ఉంచే మెడ మీదా ఎర్ర రంగు గీతలున్నాయి. అవి పెద్దాయన పెట్టుకున్న కొలతలనీ, కిటుకంతా వాటిలోనే ఉందనీ అందరి నమ్మకం. కాబట్టి ఎవరూ వాటిని కదపరు. "జాగ్రత్తగా చూసుకో తల్లీ" అని బండి అప్పగించేటప్పుడు పెద్దాయన అన్నాడు. ఆ మాటను పిట్ట మాట ఇచ్చినట్టే తీసుకుంది. ఏ రోజుకా రోజు గుడ్డపెట్టి తుడిచేది. గీత మీది రంగు చెరగకుండా చుట్టూ తుడిచేది.

శనివారం సాయంత్రం బాబాయి కొట్టు ముందు ఆమె టీ గ్లాసు వదిలేసింది. వేడికి కాదు. గ్లాసు పట్టుకున్నానని ఆమె అనుకుంది. వేళ్ళు అనుకోలేదు.

బాబాయి సైకిళ్ళ కొట్టూ, భర్త కుట్టు కొట్టూ ఒకే పంచన ఉంటాయి. ఒక పక్క గ్రీజు, ఒక పక్క తెల్ల గుడ్డ. ఇద్దరి మధ్యా రోజూ ఒక పోట్లాట ఉంటుంది, లేకపోతే ఇద్దరికీ అన్నం సయించదు.

బాబాయి గ్లాసు ముక్కలు ఏరి, ఆమె చెయ్యి పట్టుకుని అరచెయ్యి విప్పి చూశాడు.

"ఎన్నాళ్ళనించి?"

"ఈ తిమ్మిరి పొద్దున్నే ఉంటుంది బాబాయ్. కాసేపటికి పోతుంది."

"పోవట్లేదు కదా మరి. సాయంత్రమైంది. ఎక్కు ఆ బండి."

ఆమె గోడ పట్టుకుని ఎక్కింది. బాబాయి నాలుగడుగులు వెనక్కి వేసి, గడ్డం గోక్కుంటూ చూశాడు. కుట్టు మిషను ఆగింది. దర్జీ మెడలో టేపుతో వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏం మావయ్యా, మా ఆవిణ్ణి ఆరేశావా?"

"నేను కాదు అల్లుడూ, మీ ఆవిడ ఆఫీసువాళ్ళు ఆరేశారు. చూడు, దండెం మీద చొక్కాలాగే ఉంది. సీటు ఎత్తు. హ్యాండిల్ దూరం. వెడల్పు మరీ ఎక్కువ. బ్రేకు పిడులు మరీ అవతల. ఈ ఫోర్కులో గాలి చూడు..." బాబాయి రెండు చేతులతో ముందుకు నొక్కాడు. అది కదల్లేదు. "ఇది ఏనుగెక్కడానికి పెట్టిన గాలి. మన పిట్ట బరువు దీనికి ఆనుతుందా?"

"సరిచెయ్యలేవా?"

"ఎందుకు చెయ్యను? సీటు దింపుతా, ముందుకు జరుపుతా. పొట్టి మెడ వేస్తా. పిడులు దగ్గరికి తిప్పుతా, గాలి తగ్గిస్తా. హ్యాండిల్ మాత్రం రెండువైపులా కొయ్యాలి."

"కొయ్యడమా!" పిట్ట బండి దిగిపోయింది. "ముట్టుకోకు బాబాయ్. ఇది పెద్దాయన కొలత. ఆయన దీంతోనే..."

"ఆయన కొలత ఆయనకి. నీకెందుకే?"

"ఆయన ఒక్కరోజు ఆలస్యం కాలేదు. నేను రోజూ అవుతున్నాను. తప్పు బండిదెలా అవుతుంది?"

దర్జీ టేపు కొస వేలికి చుట్టుకుంటూ నెమ్మదిగా అన్నాడు. "అరువు చొక్కాకి చేతులు మడుచుకోవచ్చు. భుజాలు ఎలా మడుస్తావు?"

పిట్ట సీటు గొట్టం మీది ఎర్ర గీత వైపు చూసింది. దేవుడు ఎవరి కొలత వాళ్ళకిచ్చి పంపాడంటారు. ఆ కొలత ఇచ్చిన చేతులే ఈ బండినీ తన దగ్గరికి పంపాయా? పంపితే సరిపెట్టుకొమ్మనా, సరిచేసుకొమ్మనా? ఆమెకు తెలియలేదు.

"రేపు వెళ్ళి పెద్దాయన్నే అడుగుతాను" అంది. "ఆయన ఊఁ అంటే కొయ్యి. లేకపోతే ఫ్యాను కిందే కూర్చుంటాను."

*

ఆదివారం కూడా నీళ్ళే గెలిచాయి. కింది గేటు తిప్పి, తడిసిన చెప్పులతోనే సైకిలు నడిపించుకుంటూ ఆమె పెద్దాయన ఇంటికి వెళ్ళింది.

వాకిట్లో ఒక ముసలాయన కూర్చుని ఉంటే, ఒక ముసలావిడ ఆయన చొక్కా గుండీలు పెడుతోంది. పిట్ట ఆయన్ని దాటి లోపలికి చూసింది, పెద్దాయన ఉన్నాడేమోనని.

"ఎవర్ని వెతుకుతున్నావు తల్లీ?" అన్నాడు కూర్చున్నాయన.

గొంతు ఆయనదే. పిట్ట తెల్లబోయింది. ఆమె మనసులో పెద్దాయన చాలా పొడుగు. ఎప్పుడు చూసినా బండి మీద చూసింది, బండి అప్పగించిన రోజున కూడా ఆయన సీటు మీదే ఒక కాలు గట్టు మీద ఆనించి కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన లేచి నిలబడితే కళ్ళు ఆమె కళ్ళకు సరిగ్గా ఎదురుగా వచ్చాయి. భుజాలు ముందుకు వంగి, చేతులు ఏదో పట్టుకోబోతున్నట్టు కొంచెం ముందుకే ఉండిపోయాయి. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు.

"నీళ్ళు ఎక్కడ అందుకుంటున్నాయి నిన్ను?" అని అడిగాడాయన, కుశల ప్రశ్నలాగే.

"నిటారు వాలు దగ్గర."

"ఊఁ. అక్కడే దిగుతున్నావన్నమాట."

"బ్రేకు అందదండీ."

ఆయన తల ఊపాడు. "నాకూ అందేది కాదు."

పిట్టకు ముందు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక, "మరి ఆ కొలతలు? ఎర్ర గీతలు మీరు పెట్టినవి కావా?" అంది.

"నా ముందాయనవి. ఆయన గుమ్మంలో వంగి వచ్చేవాడు, అంత మనిషి. బండి నాకిచ్చి, జాగ్రత్తగా చూసుకోరా అన్నాడు. చూసుకున్నాను."

"మరి మీరు ఒక్కరోజు కూడా ఆలస్యం..."

పెద్దావిడ ఆఖరి గుండీ పెట్టి, చొక్కా సర్ది, పిట్ట వైపు తిరిగింది. "ఎలా అవుతారమ్మా? బ్రేకు అందకపోతే ఆగేదెక్కడ? వాలు మీద బండి వదిలేసేవారు! కింద పడితే పడ్డట్టు, లేకపోతే వచ్చినట్టు. మోకాలిచిప్ప ఓసారి, పళ్ళు ఓసారి. వీళ్ళ ఆఫీసులో మాత్రం, అబ్బో, ఏం వేగం, ఏం వేగం!"

"వేగం కాదు తల్లీ" అన్నాడు పెద్దాయన, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు. "ఆగడం చేతకాక."

నవ్వాలో వద్దో తెలియక పిట్ట నిలబడింది. పెద్దాయనే నవ్వాడు. నవ్వుతూ తన చేతులు చూసుకున్నాడు. వేళ్ళు సగం మూసుకుని అక్కడే ఆగిపోయాయి.

"సరిచేయించుకోవచ్చు కదండీ" అందామె చాలా మెల్లగా.

"ఎవర్ని అడగాలి? అడగొచ్చని ఎవరు చెప్పారు? బండి ఇచ్చారు, ఎక్కాను. మొదట నొప్పిగా ఉండేది. తర్వాత అలవాటయింది. బండి నాకు సరిపోలేదమ్మా. నేనే దానికి సరిపోయాను."

ఎండ వాకిట్లోకి జరిగింది. హ్యాండిల్ కొయ్యాలని బాబాయి అన్నాడని మాత్రం పిట్ట చెప్పింది. కొయ్యమంటారా అని అడగాల్సిన అవసరం లేకపోయింది. పెద్దాయన అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"ఎక్కడికండీ ఆ వంగిన నడుముతో?" అంది పెద్దావిడ.

"కోతకి" అన్నాడాయన.

*

బాబాయి బండిని తలకిందులు చేసి, మళ్ళీ నిలబెట్టి, ఒక్కొక్కటే విప్పాడు. సీటు గొట్టం దిగింది. ఎర్ర గీత లోపలికి మునిగి కనిపించకుండా పోయింది. పిట్ట చటుక్కున ఒకడుగు ముందుకు వేసింది. పెద్దాయన మాత్రం చంటిపిల్లకు స్నానం పోస్తుంటే చూసినట్టు వంగి చూస్తున్నాడు. పొట్టి మెడ పడింది. ఫోర్కులోంచి గాలి సుయ్‌మని బయటికొచ్చింది. "ఇక నొక్కు" అన్నాడు బాబాయి. ఆమె నొక్కితే అది ఊపిరి పీల్చినట్టు దిగి, ఊపిరి వదిలినట్టు లేచింది.

"ఇప్పుడు ఎక్కు. కళ్ళు మూసుకో. నువ్విక్కడ లేవు, కొండ దిగుతున్నావు. చేతులు వాటంతటవి ఎక్కడికి పోతే అక్కడ పెట్టు. హ్యాండిల్ కోసం వెతక్కు. దాన్నే రానీ."

పిట్ట కళ్ళు మూసుకుంది. కొట్టు, గ్రీజు వాసన, వీధిలో హారన్లు దూరమయ్యాయి. కనురెప్పల వెనక పొగమంచు వచ్చింది. కింద రాళ్ళదారి కదిలింది. ఎడమ పక్కన పైపు. దాంట్లో నీళ్ళు వస్తున్నాయి. ఆమె తల కొంచెం ఎడమకు వాలింది, వినడానికి. చేతులు లేచాయి. కలలో సాగినట్టు సాగలేదు. మోచేతులు వంగి, బిడ్డనెత్తుకోబోయినట్టు దగ్గరగా వచ్చి ఆగాయి.

దర్జీ సుద్దతో హ్యాండిల్ మీద రెండు గుర్తులు పెట్టాడు. టేపు వేసి చూసి నాలిక కరుచుకున్నాడు.

"ఎడమ వైపు వేలెడు ఎక్కువొచ్చింది మావయ్యా."

"తప్పు పెట్టుంటావు. రెండు పక్కలా సమంగా ఉండాలి."

"నా సుద్ద తప్పదు. ఆవిడే అటు వాలింది."

"నిటారుగా కూర్చోవే పిట్టా!"

"పైపు ఎడమ పక్కనుంది బాబాయ్" అంది ఆమె కళ్ళు మూసుకునే. "నీళ్ళు ఎంతవరకు వచ్చాయో వినాలిగా."

"అయినా సరే, బండన్నాక సమంగా..."

"లోకంలో రెండు భుజాలూ సమంగా ఉన్న మనిషిని ఒక్కణ్ణి చూపించు, నీకు ఉచితంగా కోటు కుడతాను" అన్నాడు దర్జీ. "ఎన్ని భుజాలు కొలిచాను! ఒక్కడికీ లేవు. అందరికీ సమంగా ఉన్నట్టు కుట్టడమే మా పని. దీనికి ఆ దొంగతనం ఎందుకు?"

బాబాయి గొణుక్కుంటూ హ్యాండిల్‌ని వైసు దవడల మధ్య బిగించాడు. రంపం చేతికి తీసుకుని ఒక క్షణం ఆగాడు. "అల్లుడూ, నీ గుడ్డకైతే లోపల మడత ఉంచుతావు, రేపు విప్పుకోవచ్చు. దీనికలా లేదు. కోస్తే కోసినట్టే."

"సుద్దకి ఇవతల కాదు, అవతల కొయ్యి."

అందరూ పిట్ట వైపు చూశారు. ఆఫీసు బండి. రేపు సూపర్‌వైజర్ చూస్తాడు. మోటార్ల గది, ఫ్యాను. ఆమె పెద్దాయన వైపు చూసింది. ఆయన వచ్చి, సగం మూసుకున్న ఆ చేతులతో హ్యాండిల్ రెండో కొసను పట్టుకున్నాడు, కదలకుండా.

"కొయ్యి బాబాయ్" అంది పిట్ట.

రంపం కూసింది. ఇనుపపొడి ఎండలో మెరుస్తూ పెద్దాయన మణికట్టు మీద రాలింది. ఆయన దులుపుకోలేదు.

ఆఖరున ఆమె ఒక కోరిక కోరింది. కాలు ఆపినప్పుడు వెనక చక్రం టిక్కుటిక్కుమంటుంది, ఆ చప్పుడులో పైపు వినిపించదు. బాబాయి ఏమీ అనలేదు. వెనక చక్రం విప్పి, చిక్కటి గ్రీజు కూరి బిగించాడు. తిప్పితే పిల్లి నడిచినట్టు తిరిగింది.

*

సోమవారం గేటు చక్రం తిరిగింది. పైపు నిట్టూర్చింది. పిట్ట సైకిలెక్కింది.

రెండు పాదాలూ నేలను తాకి, లేచాయి. అంతే, ఆ తర్వాత తను బండి మీద ఉన్నట్టు ఆమెకు తెలియలేదు. పొగమంచు ముఖానికి తగిలి విడిపోతోంది. రాళ్ళు వచ్చాయి. ఫోర్కు వాటిని మింగింది. నిటారు వాలు వచ్చింది. అలవాటు కొద్దీ కాళ్ళు దిగబోయాయి. అప్పుడు రెండు వేళ్ళు వాటంతటవే బ్రేకుల మీద ముడుచుకున్నాయి. బండి తల వంచిన ఆవులా నెమ్మదించింది. పడనూ లేదు, ఆగనూ లేదు. ఆమె ఆ వాలు కూర్చునే దిగింది. ఇంత చిన్న వాలా ఇది?

మలుపు తిరిగాక ఆమెకు అనుమానం వచ్చింది. పైపులో ఏ చప్పుడూ లేదు. ఎప్పుడూ లేనిది. గేటు సరిగా తిప్పలేదా? ఎక్కడైనా పగిలిందా? ఆమె బ్రేకు వేసి ఆగి, చెవి పైపుకు ఆనించింది. చల్లటి ఇనుము. లోపల రాత్రి ఇంకా ఉంది.

చాలాసేపటికి, ఎంతో ఎగువన, ఎవరో మెల్లగా ఈల వేసినట్టు వినిపించింది. అప్పుడర్థమైంది. నీళ్ళు వెనకున్నాయి. ఇన్నాళ్ళూ తనను దాటి వెళ్ళే నీళ్ళనే విన్నది. తన కోసం వచ్చే నీళ్ళను వినడం ఇదే మొదలు. దారి మధ్యలో, ఎవరూ చూడకుండా, ఆమె దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఏం అడగాలో తోచక ఏమీ అడగలేదు. ఈల గలగలగా మారేదాకా నిలబడి, తర్వాత ఎక్కి, దాన్ని వెంటబెట్టుకుని దిగింది.

కింద గట్టు మీద సూపర్‌వైజర్, ఆయన పక్కన పెద్దాయన. ఆమె గేటు తిప్పింది. వేళ్ళకు చక్రం చల్లగా తగిలింది. పైపు నిండుగా మూలిగి, నీళ్ళు ట్యాంకులోకి దూకాయి. వీధి పొడిగా ఉంది.

సూపర్‌వైజర్ ముఖం విప్పారింది. ఆ వెంటనే కళ్ళు హ్యాండిల్ మీద పడ్డాయి. దగ్గరికొచ్చి కోసిన కొసలు తడిమాడు. సీటు గొట్టం మీద గీత కోసం వెతికాడు.

"ఎవరమ్మా కోసింది?" ఆయన గొంతులో కోపం కంటే దిగులు ఎక్కువుంది. "పెద్దాయన బండమ్మా ఇది!"

"పట్టుకున్నది నేనే" అన్నాడు పెద్దాయన. "బాగా కోశారు."

సూపర్‌వైజర్ ఆయన్నీ బండినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత పొడిగా ఉన్న వీధి వైపు చూశాడు. "రేపు కూడా నువ్వే వెళ్ళమ్మా" అన్నాడు. "పైవాళ్ళు అడిగితే... అడిగినప్పుడు చూద్దాం."

పెద్దాయన ఆ మాటలు వినడం లేదు. బండి దగ్గరికి వచ్చి సీటు మీద చెయ్యి వేశాడు. మెకానిక్కుల్లా తట్టలేదు.

"ఒక్కసారి ఎక్కనా తల్లీ?"

పిట్ట బండిని వంచి పట్టుకుంది. ఆయన కాలు తిప్పి ఎక్కాడు. రెండు పాదాలూ నేల మీద నిండుగా ఆనాయి. ఆయన ఒకసారి కిందికి, పాదాల వైపు చూసుకున్నాడు. అలవాటు చొప్పున చేతులు ముందుకు బాగా చాచబోయాడు. హ్యాండిల్ మధ్యలోనే ఎదురొచ్చింది. మోచేతులు వంగాయి. వంగిన భుజాలు మెల్లగా, ఎవరో వెనకనుంచి బరువు దించినట్టు, వెనక్కి జరిగాయి. సగం మూసుకున్న వేళ్ళకు పిడులు వాటంతటవే వచ్చి తగిలాయి.

పిట్ట సీటు వెనక చెయ్యి ఆనించి నడిచింది. ట్యాంకు చుట్టూ చదునైన దారి మీద బండి చప్పుడు లేకుండా కదిలింది. ఆయన ఒకసారి బ్రేకు నొక్కాడు. బండి ఆగింది. మళ్ళీ కదిలించాడు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఆగింది.

బయల్దేరిన చోటికి వచ్చాక ఆయన దిగలేదు. ముందుకు చూస్తూ అడిగాడు.

"ఇలా ఉంటుందా?"

పిట్ట చెయ్యి ఇంకా సీటు వెనకే ఉంది. సూపర్‌వైజర్ ముఖం తిప్పుకుని ట్యాంకులోకి తొంగి చూస్తున్నాడు. లోపల నీళ్ళు మెట్టు మెట్టుగా లేస్తున్నాయి.

"ఇంకో చుట్టు తిరగండి పెద్దాయనా" అంది. "ట్యాంకు నిండడానికి ఇంకా టైముంది."